ఉక్కు గదిలో ఊపిరి

చీరాల పక్కన వాడరేవు ఇసుకలో నిలబడ్డ మనిషి మీద ఒక వాతావరణపు పీడనం ఉంటుంది. పది మీటర్ల లోతు నీళ్లలోకి మునిగితే అది రెట్టింపవుతుంది. నీళ్లు లేకుండానే ఆ పని చేసేది హైపర్‌బేరిక్ గది. మనిషిని లోపల కూర్చోబెట్టి, పీడనాన్ని రెండు మూడింతలు చేసి, స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తారు.

ఆక్సిజన్ అనేదొకటి ఉందని ఎవరికీ తెలియక ముందే, 1662లో హెన్‌షా అనే ఇంగ్లండు వైద్యుడు తిత్తులతో గాలి కొట్టే గదిని తలపెట్టాడు. 1928లో అమెరికాలోని క్లీవ్‌లండ్‌లో ఐదంతస్తుల ఉక్కు గోళమే ఆసుపత్రిగా లేచింది. మధుమేహం మొదలు చాలా జబ్బులు కుదురుతాయన్నారు, రుజువు మాత్రం చూపలేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అది తుక్కు కింద పోయింది. ఇప్పటికీ ఈ గదిని సర్వరోగ నివారిణిగా అమ్మేవాళ్లకు ఆ గోళం కథ చెప్పాలి.

ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ మూర్ఛ తెప్పిస్తుందని ఫ్రాన్సులో పాల్ బెర్ 1878లోనే రాశాడు. మనిషి ఎంతవరకు తట్టుకుంటాడో ఒంటి మీద తేల్చుకున్నవాడు బ్రిటిష్ శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. 1939లో థెటిస్ జలాంతర్గామి మునిగి 99 మంది పోయాక, ఆ మరణాలకు కారణం తేల్చడానికి ఆయనే ఉక్కు గదిలోకి వెళ్లి కూర్చున్నాడు. ఒకసారి వచ్చిన మూర్ఛకు వెన్నుపూసలు నలిగాయి. 1957లో మన దేశానికి వచ్చేశాడు, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం దేహం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది.

ఇంతకీ లోపల జరిగేదేమిటి? గోలీసోడాలో గ్యాస్ కరిగినట్టు, పీడనానికి ఆక్సిజన్ నేరుగా రక్తపు నీటిలో కరుగుతుంది. మామూలుగా వంద మిల్లీలీటర్లలో 0.3 మిల్లీలీటరు కరిగేది, మూడు వాతావరణాల దగ్గర ఆరు దాకా పోతుంది. ఎర్రకణాలు దాదాపు లేని పందులను దీంతోనే బతికించి చూపాడు ఆమ్‌స్టర్‌డామ్ సర్జన్ బూరెమా, 1960లో.

అంత ఆక్సిజన్ అందగానే గుండె నెమ్మదిస్తుంది. మెదడులో రక్తనాళాలు ముడుచుకుంటాయి. వచ్చే రక్తం తగ్గుతుంది, అయినా ఆక్సిజన్ మామూలు కన్నా ఎక్కువే అందుతుంది. అతిగా రాకుండా మెదడు వేసుకునే అడ్డుకట్ట అది. మోతాదు మించితే ఆ కట్ట తెగుతుంది: నాళాలు తెరుచుకుని ఆక్సిజన్ ముంచెత్తుతుంది, నరకణాలు అదుపు తప్పి ఒక్కసారిగా చెలరేగుతాయి. అందుకే చికిత్స మధ్యలో ఇరవై ముప్పై నిమిషాలకొకసారి మాస్కు తీయించి, ఐదు నిమిషాలు మామూలు గాలి పీల్చమంటారు.