స్టీరింగు కింది పదహారు రంధ్రాలు

సింహాచలంలో కొత్త కారుకు వాహన పూజ చేయించేటప్పుడు అందరి చూపూ బానెట్టు మీది పసుపు కుంకుమల మీద, చక్రాల కింది నిమ్మకాయల మీద ఉంటుంది. డ్రైవరు మోకాళ్ల దగ్గర చీకట్లో దాగిన చిన్న సాకెట్టును ఎవరూ పట్టించుకోరు. చెక్ ఇంజిన్ లైటు వెలిగిన రోజు మెకానిక్ చెయ్యి మొదట వెతికేది దాన్నే. అందులో గుచ్చే స్కానర్‌ను ఎంచుకునేవారికి పనికొచ్చే విశేషాలు ఇవి.

పొగలోంచి పుట్టిన పరికరం
ఒక పక్క సముద్రం, మిగతా పక్కల కొండలు ఉన్న లాస్ ఏంజెలిస్‌లో వాహనాల పొగ బయటికి పోలేక ఊరి మీదే నిలిచిపోయేది. తన పొగ లోపాన్ని కారే కనిపెట్టి చెప్పాలని కాలిఫోర్నియా 1988 మోడళ్ల నుంచి షరతు పెట్టింది. 1996 మోడళ్లకు అమెరికా అంతటా ఈ స్వయం పరీక్ష ఏర్పాటులో రెండో తరమైన ఓబీడీ-2 తప్పనిసరైంది. విశాఖదీ అలాంటి నేలే. ఇటు సింహాచలం, కైలాస కొండలు, అటు యారాడ కొండ, నడుమ గిన్నెలో ఊరూ రేవూ. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గుర్తించిన తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో విశాఖ కూడా ఉంది.

బండి పుట్టిన ఏడాది ముఖ్యం
మన దేశంలో భారత్ స్టేజ్-4 కాలుష్య ప్రమాణాల కార్లకు 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ-1, 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 నిబంధన వచ్చింది. స్టేజ్-4 దేశమంతటికీ వర్తించింది 2017 ఏప్రిల్‌లో, స్టేజ్-6 వచ్చింది 2020 ఏప్రిల్‌లో. 2017 తర్వాతి కారైతే మామూలు స్కానర్‌కూ లోపాలను తెలిపే ఇంజిన్ కోడ్లు అందుతాయి. అంతకు పాతదైతే సాకెట్టు ఆకారం చూసి నమ్మకూడదు. పరికరంతో వచ్చే జాబితాలో మన మోడల్ పేరు, ఏడాది ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఏ రంధ్రానికి ఆ పని
పదహారో రంధ్రంలో బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది. నాలుగు, అయిదు ఎర్తు. ఆరు, పద్నాలుగు రంధ్రాల్లో బాష్ సంస్థ 1986లో లోకానికి చూపిన, కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే క్యాన్ తీగల జత నడుస్తుంది. ఫోర్డ్ కార్లలో చాలావాటికి మూడు, పదకొండు రంధ్రాల్లో రెండో జత కూడా ఉంటుంది. దాన్ని అందుకోలేని అడాప్టర్‌కు ఇంజిన్ కనిపిస్తుంది గాని ఆ రెండో జత మీదున్న విభాగాలు కనిపించవు. ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. ఆ బళ్లు నడుపుతున్నవారు ఈ సంగతి తప్పక చూసుకోవాలి.

లారీకి వేరే ప్లగ్గు
రేవుకీ ఉక్కు కర్మాగారానికీ తిరిగే పెద్ద లారీలవి 24 వోల్టుల బ్యాటరీలు, కార్లవి 12 వోల్టులవి. కారు ప్లగ్గు పొరపాటున లారీలో దిగకుండా, 24 వోల్టుల సాకెట్టు నడిమి గాడిని అడ్డంగా తెంపి తయారుచేశారు. దిగని ప్లగ్గును బలవంతంగా నొక్కారా, స్కానర్ కాలిపోవచ్చు.

ఎన్నడూ విడుదల కాని 1.5
చౌక బ్లూటూత్ అడాప్టర్ల మీద కనిపించే ఈఎల్ఎం327 అనేది కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ వారి చిప్పు పేరు. ఆ కంపెనీ 1.4 తర్వాత నేరుగా 2.0కు వెళ్లింది. డబ్బా మీద 1.5 అని ఉంటే అది నకలు చిప్పే. కొన్ని నకళ్లు కోడ్లు చదువుతాయి, కొన్ని మధ్యలో మూగబోతాయి. ఇంకో మాట, పాత తరహా బ్లూటూత్ అడాప్టర్లు ఐఫోన్‌తో కలవవు. వైఫైదో, తక్కువ విద్యుత్తు బ్లూటూత్‌దో తీసుకోవాలి.

కోడ్ తీర్పు కాదు, జాడ
పీ అంటే ఇంజిన్, గేరుబాక్సు. సీ అంటే బ్రేకులు, స్టీరింగు వంటివి. బీ అంటే బాడీ, యూ అంటే కంప్యూటర్ల మధ్య సంభాషణ. పీ0301 వస్తే మొదటి సిలిండర్లో మంట సరిగా అంటుకోవడం లేదని అర్థం. కారణం స్పార్క్ ప్లగ్గో, కాయిలో, ఇంజెక్టరో కోడ్ చెప్పదు. ఆ కాయిల్ని పక్క సిలిండర్‌కు మార్చి చూడాలి. కోడ్ కూడా పీ0302గా మారితే దొంగ దొరికినట్టే.

ఘాట్ రోడ్డు పరీక్ష
కోడ్లు మాత్రమే చెప్పే పరికరం కంటే బండి నడుస్తుండగా అంకెలు చూపేది మేలు. కూలెంట్ వేడిని కారు 40 కలిపి పంపుతుంది. 130 వస్తే అసలు వేడి 90 డిగ్రీలు, ఆ తీసివేత స్కానరే చేసేస్తుంది. సింహాచలం అప్పన్న కొండ ఎక్కుతుండగా పక్కసీటు మనిషి ఆ అంకెను గమనిస్తే, నిలబెట్టిన బండిలో బయటపడని రేడియేటర్ లోపం బయటపడుతుంది.

పాత కారు కొనేముందు
అమ్మేవారు ఆ ఉదయమే కోడ్లు చెరిపి ఉండవచ్చు. కోడ్లు చెరిపాక కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా బళ్లు గుర్తుంచుకుంటాయి. ఆ అంకె చూపే స్కానర్‌నే ఎంచుకోండి. అది అయిదో పదో అయితే, బేరం ఆపి కారణం అడగాలి.

ఎంత అవసరమో అంతే
ఇంట్లో ఒక్క కారుంటే ఇంజిన్ కోడ్లు, నడుస్తున్న అంకెలు చూపేది చాలు. షెడ్డు నడిపేవారికి ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ విభాగాలు చదివేది, డీజిల్ బళ్ల ఫిల్టర్లో పేరుకున్న మసిని కాల్పించగలిగేది కావాలి. కంట్రోల్ యూనిట్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలంటే జే2534 ప్రమాణం పాటించే పరికరం, దానితో కారు కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉండాలి. వాడనప్పుడు ఏదైనా సరే ఊడదీసి పెట్టుకోవాలి. పదహారో రంధ్రం రాత్రంతా కరెంటు ఇస్తూనే ఉంటుంది.

చెరిపే మీట చివర నొక్కాలి
దాదాపు ప్రతి స్కానర్‌లోనూ కోడ్లు చెరిపే మీట ఉంటుంది. నొక్కితే లైటు ఆరుతుంది, పొగ ఆగదు. ఆషాఢంలో గిరి ప్రదక్షిణకు లక్షల మంది సింహాచలం కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు కాలినడకన తిరుగుతారు. ఆ దారిలో మన బళ్లూ తిరుగుతాయి, వాటి పొగను పీల్చేది ఆ నడిచేవాళ్లే. మరమ్మతు పూర్తిచేసి, ఘాట్ రోడ్డు మీద నడిపి చూసి, అప్పుడు ఆ మీట నొక్కుదాం.