పరిహారంతోనే న్యాయం జరిగినట్టు కాదు

2021లో అప్పటి రాచకొండ కమిషనరేట్ పరిధిలోని అడ్డగూడూరు ఠాణాకు దొంగతనం అనుమానంతో తెచ్చిన దళిత మహిళ చనిపోయింది. ఎస్‌ఐని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగాల నుంచి తొలగించారు. కస్టడీ మరణానికి ప్రభుత్వమే పరిహారం కట్టాలని 1993లో నీలబతి బెహరా కేసులో సుప్రీంకోర్టు తేల్చి, లక్షన్నర ఇప్పించింది. కానీ ఆ సొమ్ము మన పన్నులదే. తప్పు చేసినవారిపై చర్య లేకపోతే జరిమానా కట్టేది ప్రజలే.

ఫిర్యాదులకు జడిసి పోలీసులు నేరస్తుల జోలికి వెళ్లరని కొందరంటారు. అబద్ధపు ఫిర్యాదులూ ఉంటాయి, నిజమే. అయితే ఠాణాల్లో, లాకప్‌ల్లో సీసీ కెమెరాలుండాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ దృశ్యాలు నిజాయతీగల కానిస్టేబుల్‌కూ రక్షణే. దెబ్బలు తిన్నవారు వెంటనే ఆస్పత్రి చీటీ తీసుకుని, ఏడాదిలోపే మానవ హక్కుల కమిషన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పరిహారంతో పాటు బాధ్యులపై చర్యనూ గట్టిగా అడగాలి.