మ్యాంగోలో దాగిన కాయ

‘మ్యాంగో’ ఇంగ్లీషువారు రోజూ వాడే మాటే గాని, ఇంగ్లండులో పుట్టిన మాట కాదు. దక్షిణాది భాషల్లో మామిడికి ‘మా’ అని పాత పేరు. దానికి ‘కాయ్’ చేరితే తమిళంలో ‘మాంగాయ్’ అయింది, మలయాళంలో ‘మాంగ’ అయింది. మిరియాల కోసం మలబారు తీరానికి వచ్చిన పోర్చుగీసువారు అక్కడ విన్నదాన్ని ‘మాంగా’ అని పలికారు. వారి రాతల మీదుగా 16వ శతాబ్దం చివర ఆ మాట ఇంగ్లీషులోకి వెళ్ళింది, క్రమంగా చివర ఒక ‘ఓ’కారం తగిలించుకుంది. భారతదేశపు మాటలు ఇంగ్లీషులో ఎలా కలిశాయో వివరించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు 1886లోనే దీని మూలం తమిళ ‘మాంగాయ్’ అని చూపింది. తెలుగులో ఆ ‘మా’ మావిలో ఉంది, మామిడిలో ఉంది. మాగాయ అన్నప్పుడు ‘మా’, ‘కాయ’ రెండూ పక్కపక్కనే వినబడతాయి. అంటే ‘మ్యాంగో’లోని ‘గో’ అరిగిపోయిన ‘కాయ’ అన్నమాట.

నోళ్ళు మారేకొద్దీ పేర్లు ఇలాగే రూపు మారుతాయి. కోనసీమ అంచున ఉన్న ద్రాక్షారామం అందుకు మంచి సాక్ష్యం. పంచారామాల్లో ఒకటైన ఆ భీమేశ్వర క్షేత్రాన్ని స్థలపురాణం దక్షుడు యజ్ఞం చేసిన చోటుగా చెబుతుంది, దక్షారామం అంటుంది. జనం నోట దక్షుడు ద్రాక్ష అయ్యాడు. ద్రాక్షతోటలకు పేరుపడిన నేల కాదది. వరిచేలు, కొబ్బరితోటలు, పెరళ్ళలో మామిడిచెట్లు ఉన్న సీమ. ఊరిపేరులోకి వచ్చిన పండు ద్రాక్ష, పెరట్లో కాసే పండు మామిడి.

మామిడి సతతహరిత వృక్షం. ఆకు రాల్చదని కాదు, అన్ని ఆకులనూ ఒకేసారి రాల్చి మోడుగా నిలబడదు. ఒక కొమ్మ ముదురాకుతో నల్లపచ్చగా ఉంటే పక్క కొమ్మ రాగిరంగు చిగురు తొడుగుతుంది. ఏ నెలలో పెళ్ళి పెట్టుకున్నా గుమ్మానికి తోరణం దొరికేది అందుకే. లిన్నేయస్ 1753లో దీనికి ‘మాంజిఫెరా ఇండికా’ అని శాస్త్రీయ నామం పెట్టాడు. మాంగాలు కాసేది అని ఆ లాటిను మాటకు అర్థం. ఆ రకంగా దక్షిణాది కాయ వృక్షశాస్త్రంలో కూడా చోటు సంపాదించింది.

ఇంగ్లీషువారి ఇళ్ళకు మాత్రం ఆ పండు చేరలేదు. తెరచాప ఓడలో నెలల తరబడి ప్రయాణం చేస్తే ఏ పండైనా కుళ్ళిపోతుంది. చెడకుండా చేరింది ఉప్పులో, పులుపులో, నూనెలో ఊరిన పచ్చికాయ. లండనులో ‘మ్యాంగో’ అంటే చాలాకాలం జాడీలోంచి తీసిన ఊరగాయే. తాజా మామిడిని చూడనివారు కూడా ఆ రుచి మరిగారు. మామిడి దొరకని దేశం కనుక దోసకాయను, పీచుపండును, చిన్న పుచ్చకాయను తొలిచి, లోపల మసాలా కూరి, వెనిగరులో ఊరబెట్టి వాటినే ‘మ్యాంగోలు’ అన్నారు. అలా చేయడానికి ‘మ్యాంగో చేయడం’ అనే అర్థంలో ఒక క్రియ కూడా పుట్టింది. చెట్టుపేరు వంటపద్ధతికి పేరైంది. ఆ మాట చరిత్రలో ఇంతకంటే ఆసక్తికరమైన మలుపు లేదు.

అమెరికాలో మేరీ రాండాల్ఫ్ రాసిన ‘వర్జీనియా హౌస్‌వైఫ్’ అనే వంటల పుస్తకం తొలిసారి 1824లో అచ్చయింది. అందులో నూనె మ్యాంగోలు అని ఒక వంటకం ఉంది. పెద్దబాతు గుడ్డుకన్నా కాస్త పెద్దవైన పుచ్చపిందెలను కోసుకురమ్మంటుంది ఆమె. నలభై కాయలకు కూరే ముద్ద లెక్క కూడా ఇస్తుంది: ఒక పౌను ఆవాలు, ఒక పౌను అల్లం, ఉల్లి, రెండు ఔన్సుల పసుపు, జాపత్రి, జాజికాయ, గుప్పెడు మిరియాలు, ఆవపిండి, కప్పు నూనె. ఒక్కో కాయలో ఒక్కో వెల్లుల్లి రెబ్బ. మామిడి ముక్క లేదు గాని ఆవ ఉంది, నూనె ఉంది, పసుపు ఉంది, వెల్లుల్లి ఉంది. గోదావరి జిల్లాల ఇల్లాలికి ఈ లెక్క చదివి వినిపిస్తే ఇది ఏ ఊరగాయకు చుట్టమో వెంటనే పోల్చుకుంటుంది.

ద్రాక్షారామం చుట్టుపక్కల ఊళ్ళలో ఎండలు ముదిరాక ఆవకాయ పెట్టే తీరు చూస్తే ఆ చుట్టరికం ఎంత దగ్గరో, ఎక్కడ తెగిందో రెండూ తెలుస్తాయి. పుల్లటి, పీచున్న, టెంక గట్టిపడ్డ కాయనే ఎంచుతారు. నీళ్ళలో కడిగి, తడి లేకుండా గుడ్డతో తుడిచి, పెద్ద కత్తితో టెంకతో సహా కొడతారు. ప్రతి ముక్కకూ టెంక అంటి ఉండాలి, లేకపోతే ఏడాది తిరిగేలోగా ముక్క మెత్తబడుతుంది. లోపలి జీడి తీసేసి, టెంకకు అంటుకున్న పల్చటి పొరను గోటితో ఒలిచేస్తారు. కారం, ఆవపిండి, ఉప్పు కలిపి, నూనెలో తడిపిన ముక్కను ఆ పిండిలో పొర్లించి జాడీలో వేస్తారు. జాడీకి వాసెన కడతారు. మూడోనాడు విప్పి తిరగకలిపేటప్పటికి పిండిలోకి ఊట దిగి నూనె పైకి తేలి ఉంటుంది. వర్జీనియాలో కాయ తొలిచి మసాలాను లోపల కూరారు. ఇక్కడ కాయను బద్దలుకొట్టి మసాలాలో ముంచారు. అక్కడ పులుపు వెనిగరుది, ఇక్కడ కాయదే.

కూరిన కాయకల్లా మ్యాంగో అన్న పేరు వచ్చాక, కూరడానికి అన్నిటికన్నా వీలైన క్యాప్సికం దానికి సొంతదారైంది. ఒహాయో, ఇండియానా, పెన్సిల్వేనియా రాష్ట్రాల పల్లెల్లో 20వ శతాబ్దంలో కూడా ‘మ్యాంగో’ అంటే పచ్చటి క్యాప్సికమే. మాంసం, అన్నం కూరి ఉడికించిన ‘మ్యాంగోలు’ అక్కడి ఇళ్ళలో మామూలు వంట. అక్కడి పెద్దవాళ్ళలో చాలామందికి మామిడిపండు సంగతే తెలిసేది కాదు.

ఈ మాట మరికొన్నిటికి కూడా అంటుకుంది. మామిళ్ళు వచ్చే రోజుల్లో బెంగాలు నదుల్లోకి వచ్చే పసుపురంగు తపసి చేపను కంపెనీ దొరలు మ్యాంగో చేప అన్నారు. గుడ్డకింద టెంక పెట్టి మొక్కను లేపే గారడీకి మ్యాంగో ట్రిక్ అని పేరు. వాసనలో మామిడిని తలపించే మామిడల్లం ఇంగ్లీషులోనూ అదే అర్థంతో చలామణీ అవుతోంది. వేసవిలో రుతుపవనాలకు ముందు పడే జల్లులు పాఠ్యపుస్తకాల్లో మ్యాంగో షవర్స్. చీర అంచు మీద వంపు తిరిగిన బొమ్మకు మాత్రం ఇంగ్లీషువారు స్కాట్లండులోని నేతపట్టణం పేరుతో పైస్లీ అన్నారు. తెలుగువారికి అది మామిడిపిందె. చూడగానే పోలిక తెలిసే పేరు మనదే.

ఇంత తిరిగిన మాట ఒక్కటి మాత్రం చేయలేకపోయింది. చెట్టుమీద ఉన్నది ఏ దశలో ఉందో చెప్పలేదు. తెలుగులో పిందె వేరు, కాయ వేరు, పండు వేరు. పిందె పప్పులోకి వస్తుంది, కాయ ఊరగాయకు వస్తుంది. పరువానికి వచ్చిన కాయను గడ్డిలో మాగవేస్తే పండవుతుంది. దోర అనే మధ్యదశకు కూడా పేరుంది. కోనసీమలో కొత్తపల్లి కొబ్బరి మామిడిని కాయగా ఆవకాయకు కోరతారు, పండుగానూ తింటారు. కాబట్టి కొనేటప్పుడు ఏది కావాలో చెప్పి తీరాలి. రసాలైతే పండితేనే విలువ. ఆ రసాన్ని చాపలమీద పొరలు పొరలుగా ఎండబెట్టి తాండ్ర చేయడంలో ఆత్రేయపురానికి పేరుంది. ఇంగ్లీషులో వీటన్నిటికీ ఒకటే మాట. పచ్చిదైతే ముందు ‘గ్రీన్’ అని చేర్చాలి, పండితే ‘రైప్’ అని చేర్చాలి. తనలో కాయ ఉన్న సంగతి ‘మ్యాంగో’ మరిచిపోయింది కనుక పైనుంచి అతికించక తప్పదు.

మనదేశపు మామిడిపండ్లకు దాదాపు 18 ఏళ్ళపాటు మూసిన అమెరికా తలుపు 2007లో తెరుచుకుంది. వేరే దేశాల తాజాపండు అంతకుముందే బజారుకు రావడంతో క్యాప్సికానికి ఉన్న పాతపేరు అక్కడి పెద్దల నోట మాత్రమే మిగిలింది. అదే ఒహాయోలో ఇప్పుడు తెలుగు కుటుంబాలు భారతీయ దుకాణానికి వెళ్ళి, గ్రీన్ మ్యాంగో అని బోర్డున్న గంపలో చెయ్యిపెట్టి, నొక్కి చూసి, ఆవకాయకు గట్టికాయలు ఏరుకుంటున్నాయి.