మరమ్మతు విద్య

తాండూరు నాపరాయికి, కందులకు, సిమెంటుకు ప్రసిద్ధి. ఆ బరువులను మోసే లారీలు అక్కడి మెకానిక్ షెడ్లకు నిత్యం పని కల్పిస్తాయి. రాళ్ల భారానికి కమాను పట్టీలు విరుగుతాయి. వికారాబాద్ చెంత అనంతగిరి ఘాట్ దిగే వాహనాలకు బ్రేకులు వేడెక్కుతాయి. పనికి కొదవ లేదు. దానిని ఎక్కడ నేర్వాలన్నదే ప్రశ్న.

షెడ్డులో నేర్వడం గురుకులవాసం వంటిది. కుర్రవాడు తొలుత పానాలు అందిస్తాడు, విడిభాగాలను డీజిలుతో కడుగుతాడు. కొన్నేళ్లకు ఇంజను ధ్వనిని బట్టే లోపాన్ని పసిగడతాడు. ఆ శ్రవణజ్ఞానం ఏ గ్రంథంలోనూ లభించదు. అయితే మేస్త్రీకి తెలిసినంతే విద్య. ధ్రువపత్రం మాట అటుంచుదాం.

ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ శిక్షణ ఒక సంవత్సరం, మోటారు వాహన మెకానిక్ శిక్షణ రెండు సంవత్సరాలు. పిమ్మట 1961 నాటి అప్రెంటిస్ చట్టం క్రింద భృతి పొందుతూ పని నేర్వవచ్చు.

2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలులోకి రావడంతో ఈ వృత్తి స్వరూపమే మారింది. కొత్త లారీలలో పొగను శుద్ధిచేసే యంత్రాంగాన్ని సెన్సర్లు, కంప్యూటరు నడుపుతాయి. అందులోని లోపం చెవికి వినిపించదు. స్కానరు తెరపై సంకేతసంఖ్యగా కనిపిస్తుంది. ఆ సంఖ్య లోపమున్న చోటును సూచిస్తుందే గాని, అసలు కారణాన్ని అన్నివేళలా తేల్చి చెప్పదు. దానిని వెదకవలసినది అనుభవమున్న చేయి. అందువల్ల ముందు ఐ.టి.ఐ., ఆపై షెడ్డు అన్న క్రమమే మేలు. ఇంటి అవసరాల వల్ల ముందే షెడ్డులో చేరినవారికీ ఆ ద్వారం మూతపడలేదు: పదవ తరగతి ఉత్తీర్ణులైతే చాలు, ప్రవేశానికి గరిష్ఠ వయఃపరిమితి లేదు.