కారెడు కొళాయి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు పెన్న దాపుననే యున్నను, ఏటిలో పెక్కు మాసములు ఇసుకయే కనిపించును. పులివెందుల ప్రాంతమున పలువురకు బోరుబావియే ఆధారము. అట్టి సీమలో కారెడు కొళాయిని ఉపేక్షింపరాదు. సెకనుకొక చుక్క చొప్పున, 20 చుక్కలు 1 మిల్లీలీటరని లెక్కించినను, దినమునకు 4 లీటర్లకు పైగా నీరు వృథా యగును.

కొళాయిని బలముగా బిగించుట చికిత్స కాదు. అరిగిన వాషరు మరింత నలుగును. వేడినీటి కొళాయిలో రబ్బరు త్వరగా గట్టిపడును. మొదట ట్యాంకు వాల్వును మూసి, గొట్టములోని నీటిని విడువవలెను. పిదప కొళాయి తలను విప్పి, అదే కొలత గల క్రొత్త వాషరు నమర్చవలెను. అతుకు వద్ద కారినచో పాత చుట్టను తీసి, మర బిగియు దిక్కుననే టెఫ్లాన్ టేపు చుట్టవలెను.

మూడు నాలుగు దినములకొక బిందె నీరు దక్కును. ఆ బిందె కొరకే వేసవిలో పొరుగువీథి తల్లి వరుసలో నిలిచియుండును.