సిరంజి నుంచి స్టెంటు దాకా: వైద్య పరికరాల ఎగుమతి, మన పిల్లల చదువు



కిందటి ఏడు నాట్లప్పుడు దేశనూరు వెళ్ళాను. మా క్యాంపులో నాకు వరుసకు బాబాయి అయ్యే ఒక పెద్దాయన కాలవ గట్టు మీద కలిసి, "ఒరే అబ్బాయి, మావాడికి బయోమెడికల్ ఇంజనీరింగులో సీటు వచ్చేట్టుంది. కంప్యూటర్సు రాలేదు. అటు డాక్టరూ కాడు, ఇటు సాఫ్ట్‌వేరూ కాదు. రెండెకరాల పంట డబ్బు దాని మీద పెట్టమంటావా, వద్దంటావా?" అని అడిగారు. నేను ఇరవై ఏళ్ళకు పైగా హైదరాబాదులో వైద్య పరికరాల తయారీలో, నాణ్యతా విభాగంలో పనిచేస్తున్నాను. అయినా అప్పటికప్పుడు ఒక్కమాటలో జవాబు చెప్పలేకపోయాను. ఆయనకు తరువాత నిదానంగా చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను. ఇదే ప్రశ్న మీలో చాలామందికి ఉండవచ్చు.

వైద్య పరికరం అంటే ఏమిటి?

పరికరం అనగానే మనకు స్కానింగు యంత్రం గుర్తుకొస్తుంది. కాని జ్వరం చూసే థర్మామీటరు, ఇంజెక్షన్ సూది, సెలైను గొట్టం, కంటిలో అమర్చే లెన్సు, గుండె రక్తనాళంలో పెట్టే స్టెంటు, ఇవన్నీ వైద్య పరికరాలే. మన దేశంలో 2017లో వెలువడి 2018 జనవరి 1 నుంచి అమలైన నిబంధనలు వీటిని ప్రమాద స్థాయిని బట్టి ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులుగా విభజించాయి. సూది బి తరగతి, వెంటిలేటరు సి, గుండె కవాటం డి. తరగతి పెరిగేకొద్దీ పరీక్షలు, అనుమతులు కఠినమవుతాయి.

మన దేశం ఈ సరుకులో అమ్మేదానికన్నా కొనేది చాలా ఎక్కువ. 2023-24లో ఎగుమతులు సుమారు 380 కోట్ల డాలర్లు కాగా, దిగుమతులు 800 కోట్ల డాలర్లు దాటాయి. మనం బయటికి పంపేవి ఎక్కువగా సిరంజిలు, క్యాథెటర్లు, సెలైను సెట్ల వంటి ఒకసారి వాడి పారేసే వస్తువులు. తెచ్చుకునేవి ఎక్కువగా సి.టి., ఎం.ఆర్.ఐ., అల్ట్రాసౌండు వంటి ఎలక్ట్రానిక్ యంత్రాలు. అంటే చౌక సరుకు అమ్మి ఖరీదు సరుకు కొంటున్నాం. ఈ తేడాను పూడ్చడమే ఈ రంగం ముందున్న పని.

ఇది బియ్యం అమ్మినట్టు కాదు

మన సిరుగుప్ప మిల్లుల్లో బియ్యం బేరం ఎలా జరుగుతుందో మీకు తెలుసు. కొనేవాడు బస్తాలోంచి గుప్పెడు తీసి, అరచేతిలో పోసుకుని, నూక ఎంతుందో చూసి, ఒక గింజ కొరికి ధర చెబుతాడు. బళ్లారి జీన్స్ ప్యాంట్ల వ్యాపారమూ అంతే. కుట్టు, రంగు కంటికి కనబడతాయి.

సూది ప్యాకెట్టు అలా కాదు. లోపల క్రిమి లేదని చూడాలంటే ప్యాకెట్టు చించాలి. చించితే అది ఇక పనికిరాదు. కనుక పరదేశపు ఆసుపత్రివాడు సరుకును చూసి కొనలేడు. దాన్ని ఎలా చేశారో చూసి కొంటాడు. ప్లాస్టిక్కు ఏ లాటుది, ఏ గదిలో అచ్చుపోశారు, ఆ గది గాలిలో ధూళి ఎంత, ఏ రోజు ఎన్ని గంటలు క్రిమిరహితం చేశారు, పరీక్ష ఎవరు చేశారు, సంతకం ఎవరిది, ఇవన్నీ రాతలో ఉండాలి. ఈ పద్ధతికి ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రమాణం ఐ.ఎస్.ఓ. 13485. దాని పైన ఐరోపాకు సి.ఇ. ముద్ర కావాలి. అమెరికాకు అక్కడి ఎఫ్.డి.ఎ. నిబంధనలు పాటించాలి. ఐరోపా 2021 మే 26 నుంచి తన నిబంధనలను ఇంకా బిగించింది. అందుచేత సరుకు ఎంత బాగున్నా దాని వెనుక రాత సరిగా లేకపోతే ఓడ ఎక్కదు.

నేను చేసిన తప్పు

ఈ సంగతి నేను పుస్తకంలో నేర్చుకోలేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నాకు రాత్రి షిఫ్టు పడింది. క్యాథెటర్లను ఎథిలీన్ ఆక్సైడ్ వాయువుతో క్రిమిరహితం చేసి, ఆ వాయువు పూర్తిగా పోయేదాకా వెచ్చని గదిలో ఉంచుతారు. ఆ గది ఉష్ణోగ్రతను గంటగంటకూ రిజిస్టరులో రాయడం నా పని. ఒక రాత్రి రెండు గంటలప్పుడు కునుకు పట్టింది. మెలకువ వచ్చాక, ముందు గంటలో రాసిన అంకెనే రెండు గంటల గడిలో కూడా రాసి సంతకం పెట్టాను. ఎవరికీ నష్టం లేదనుకున్నాను.

కొన్ని వారాలకు కొనుగోలుదారు తరఫున ఒక ఆడిటరు వచ్చాడు. నా రిజిస్టరును, యంత్రం తనంతట తాను గీసిన గ్రాఫు కాగితాన్ని పక్కపక్కన పెట్టాడు. ఆ రాత్రి రెండు గంటలకు కరెంటు పోయి ఉష్ణోగ్రత పడిపోయిన గీత గ్రాఫులో స్పష్టంగా ఉంది. నా రిజిస్టరులో మాత్రం అంతా సవ్యంగా ఉంది. ఆయన కోపగించుకోలేదు. "ఈ ఒక్క అంకె అబద్ధమైతే, మిగిలిన అంకెల్ని నేనెలా నమ్మను?" అని మాత్రం అడిగాడు. ఆ లాటు మొత్తం పారవేశారు. ఆ ఆర్డరు ఏడాది పాటు మాకు రాలేదు. ప్యాకింగులో దినకూలీకి పనిచేసే ఆడవాళ్ళు కొందరికి ఆ నెలల్లో పని తగ్గింది. నా ఉద్యోగం ఉంది, వాళ్ళ కూలి పోయింది. ఆ మాట ఇప్పటికీ నన్ను పీడిస్తుంది. గడి ఖాళీగా వదిలి, "నిద్రపోయాను, చూడలేదు" అని పక్కన రాసి ఉంటే ఆ వస్తువులను మరికొన్ని గంటలు గదిలో ఉంచి, మళ్ళీ పరీక్షించి పంపే వీలుండేది.

మనవాళ్ళ ప్రయత్నాలు

తెలుగునాట ఈ రంగానికి మంచి పునాది ఉంది. 1990లలో హైదరాబాదులో డాక్టర్ అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణులు డాక్టర్ సోమరాజు కలిసి తక్కువ ధరకు దేశీయ స్టెంటు తయారు చేయించారు. దాన్నే కలాం-రాజు స్టెంటు అంటారు. క్షిపణుల కోసం రూపొందించిన తేలికైన కార్బన్ పదార్థంతో పోలియో పిల్లలకు కాలిపట్టీలు చేయించినదీ ఆ రోజుల్లోనే. కిలోల బరువున్న పట్టీ 300 గ్రాములకు దిగింది. అయితే స్టెంట్ల రంగంలో 2002-03 నాటికి మందు పూసిన కొత్త తరం వచ్చేసింది. ఒక వస్తువును ఒకసారి చేయగలగడం వేరు, తరం మారినప్పుడల్లా పరిశోధన చేసి నిలబడడం వేరు.

పొరుగున మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రివారు 1992లో ఆరోల్యాబ్ స్థాపించారు. శుక్లాల ఆపరేషనులో అమర్చే లెన్సు అప్పట్లో విదేశాల నుంచి వచ్చేది, దాదాపు 100 డాలర్లు పలికేది. వీరు దాన్ని 10 డాలర్లకు, తరువాత ఇంకా తక్కువకు తెచ్చారు. ఆ లెన్సులు నేడు నూరు దేశాలకు పైగా వెళుతున్నాయి. వాళ్ళకు కలిసొచ్చిన విషయం ఒకటుంది. మొదటి కొనుగోలుదారు వాళ్ళ ఆసుపత్రే. ఇంట్లోనే వాడి, లోపాలు సరిదిద్దుకుని, తరువాత బయటికి అమ్మారు.

చిన్న కంపెనీలకు ఆ వీలుండదు. పరీక్షా యంత్రాలకు, గామా కిరణాలతో క్రిమిరహితం చేసే కేంద్రానికి కోట్ల పెట్టుబడి కావాలి. అందుకే ఒకేచోట అందరూ వాడుకునే వసతులు కల్పించాలన్న ఆలోచన వచ్చింది. విశాఖపట్నంలో ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్‌కు 2016లో శంకుస్థాపన జరిగింది, 2018 డిసెంబరులో ప్రారంభమైంది. సుమారు 270 ఎకరాల్లో పరీక్షాశాలలు, గామా కేంద్రం, 3డి ముద్రణ వసతి ఉన్నాయి. 2020లో కోవిడ్ వచ్చి విదేశాల నుంచి సరుకు ఆగినప్పుడు వెంటిలేటర్లు, పరీక్షా కిట్లు అక్కడ తయారయ్యాయి. తెలంగాణలో సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో 2017లో మరో పార్కు మొదలైంది. అక్కడ 2022లో పెద్ద స్టెంట్ల కర్మాగారం ప్రారంభమైంది.

సేద్యం మీద బతికిన దేశం ఇంత దూరం రాగలదా అనే సందేహం ఉంటే కోస్టారికాను చూడండి. జనాభా అర కోటి. ఒకప్పుడు అరటి, కాఫీ అమ్ముకుని బతికిన దేశం. 1980ల చివరలో విదేశీ కంపెనీలు అక్కడ సెలైను గొట్టాల వంటివి చేయించడంతో మొదలై, నేడు వైద్య పరికరాలే ఆ దేశపు అతిపెద్ద ఎగుమతి అయ్యాయి. గొట్టం నుంచి గుండె కవాటం దాకా ఎక్కడానికి వాళ్ళకు రెండు మూడు దశాబ్దాలు పట్టింది. ఆ కాలమంతా వాళ్ళు మెట్టుమెట్టుకూ కొత్తగా తయారు చేసుకున్నది పనితెలిసిన మనుషులను.

ఏ చదువు పనికొస్తుంది?

బయోమెడికల్ ఒక్కటే దారి కాదు.

పదో తరగతి తరువాత: అచ్చులు, పనిముట్లు తయారుచేసే టూల్ అండ్ డై డిప్లొమా. కర్ణాటక ప్రభుత్వ టూల్‌రూము అయిన జి.టి.టి.సి.లో, హైదరాబాదు బాలానగర్ సి.ఐ.టి.డి.లో ఇది నేర్పుతారు. సిరంజి నాణ్యత సగం దాని అచ్చులోనే ఉంది. ప్లాస్టిక్కుల డిప్లొమాకు సిపెట్ ఉంది.

ఇంటరు లేదా పి.యు.సి. తరువాత: ఎలక్ట్రానిక్స్, మెకానికల్, బయోమెడికల్ ఇంజనీరింగ్. బి.ఎస్సీ. మైక్రోబయాలజీ, బి.ఫార్మసీ వాళ్ళకు క్రిమి పరీక్షల్లో, అనుమతుల విభాగంలో చోటుంది.

డిగ్రీ తరువాత: ఐ.ఐ.టి. హైదరాబాదులో బయోమెడికల్ విభాగం ఉంది. అహ్మదాబాదు నైపర్‌లో వైద్య పరికరాల పైనే పి.జి. కోర్సు ఉంది.

మన సరిహద్దు పిల్లలకు ఒక ముఖ్య విషయం. బళ్లారి జిల్లా రాజ్యాంగంలోని 371(జె) కిందికి వస్తుంది. కర్ణాటకలో చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానిక రిజర్వేషను ఉంటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన అది పోదు. ఆ అర్హతా పత్రం ముందుగానే తీసి ఉంచండి. కౌన్సెలింగు వారంలో పరుగెత్తి సీటు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను.

తల్లిదండ్రులకు ఒక మాట

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఈ రంగంలో మొదటి రెండు మూడేళ్ళ జీతం సాఫ్ట్‌వేరుతో పోలిస్తే తక్కువే. కాలేజీని చూడకుండా కోర్సు పేరు చూసి చేర్చకండి. అక్కడ ల్యాబు ఉందా, ఆసుపత్రిలో గాని ఫ్యాక్టరీలో గాని శిక్షణ ఇప్పిస్తారా అని అడిగి తెలుసుకోండి. పిల్లవాడికి యంత్రం విప్పి చూసే ఉబలాటం, చేసింది చేసినట్టు రాసే ఓపిక ఉంటే ధైర్యంగా పంపండి. అయిదారేళ్ళ అనుభవం వచ్చాక, ముఖ్యంగా అనుమతులు, నాణ్యత పని తెలిసినవాళ్ళ కోసం కంపెనీలే వెతుక్కుంటాయి.

బాబాయికీ ఇదే చెప్పాను. ఆయన అంతా విని, "మావాడు మోటారు స్టార్టరు విప్పితే మళ్ళీ బిగిస్తాడులే, రాయడమే బద్ధకం" అన్నారు. "అయితే ఆ రాయడం ఇప్పట్నుంచే అలవాటు చేయించు బాబాయ్, మోటారు ఎన్ని గంటలు నడిచిందో రోజూ ఒక నోటుబుక్కులో రాయమను" అన్నాను. అబ్బాయి చేరాడు. మొన్న ఫోను చేసి నోటుబుక్కులో నాలుగు రోజులు రాయలేదని తనే చెప్పాడు. ఆ నాలుగు గళ్ళూ ఖాళీగానే వదిలాడట. నాకు చాలా సంతోషం కలిగింది.