పెదనాన్న జట్టు

మా చాట్రాయిలో మామిడి పూతకు వచ్చిందంటే రైతుకు కంటిమీద కునుకుండదు. మంచు ఎక్కువ కురిసినా భయమే, మబ్బు పట్టినా భయమే. తేనెమంచు పురుగు తగిలితే పూత మాడిపోతుంది. సరిగ్గా ఆ చలిరోజుల్లోనే రంజీ ట్రోఫీ క్రికెట్టు పోటీలు కూడా జరుగుతాయి. ఇందుచేత మా పెదనాన్నకు ఏటా రెండు దిగుళ్లూ కలిసివచ్చేవి. ఒకటి తోట, రెండోది ఆంధ్ర జట్టు.

పిల్లలూ, రంజీ ట్రోఫీ అంటే మన దేశంలోని రాష్ట్రాల జట్లు ఆడే పోటీ. 1934లో మొదలయింది. ఆంధ్రరాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది గదా, ఆ ఏటి పోటీల్లోనే ఆంధ్ర జట్టు మొదటిసారి బరిలో దిగింది. దానికి కెప్టెను ఎవరనుకున్నారు? సి. కె. నాయుడు! 1932లో లార్డ్సు మైదానంలో ఆడిన మన మొట్టమొదటి టెస్టు జట్టుకు నాయకుడు ఆయనే. నాగపూరులో పుట్టిన తెలుగువాడు. ఆంధ్ర జట్టును నడిపించేనాటికి ఆయనకు 58 ఏళ్లు. ఆ వయసులో మన ఊళ్లో చాలామంది అరుగు దిగి వీధిలోకి కూడా రారు.

అప్పుడు మా పెదనాన్నకు ఇరవై మూడేళ్లు. నాయుడుగారి పేరు పేపర్లో చూసి ఆంధ్ర జట్టు మీద మనసు పారేసుకున్నాడు. నాయుడుగారు ఆ తరవాత వేరే జట్టుకు వెళ్లిపోయాడు కాని మా పెదనాన్న మాత్రం వెళ్లలేదు.

ఆయన దగ్గర ఒక లావుపాటి పద్దుల పుస్తకం ఉండేది. ముందువైపు నుంచి తోట లెక్కలు: ఏ చెట్టు ఎన్ని కాయలు కాసింది, బంగినపల్లికి బుట్ట ధర ఎంత, రసాలకు ఎంత. అదే పుస్తకం తిరగేస్తే వెనకవైపు నుంచి ఆంధ్ర ఆడిన ఆటలు. పేపరు బస్సులో వచ్చేసరికి మధ్యాహ్నమయ్యేది. భోజనం మాని స్కోర్లు ఎక్కించుకునేవాడు. చాలావరకు అవి ఓటమి లెక్కలే. అయినా ప్రతి ఆట కిందా, తరవాతి ఆట ఎవరితో, ఏ తేదీన అన్నది తప్పకుండా రాసేవాడు. ఆ ఏటికి ఆటలు అయిపోతే, 'వచ్చే ఏడు' అని రాసేవాడు.

ఆంధ్ర ఎందుకు ఓడిపోయేదో మీకు చెప్పాలి. ఆ రోజుల్లో జట్లను మండలాలుగా విడదీసి ఆడించేవారు. మనది దక్షిణ మండలం. మైసూరు మీద ఆడితే ప్రసన్న, చంద్రశేఖర్‌ల స్పిన్ బంతులు. మద్రాసుకు వెంకటరాఘవన్. హైదరాబాదుకు పటౌడీ, జయసింహ, ఆబిద్ అలీ. దేశానికి ఆడే వీరులంతా మన ఎదటే నిలిచేవాళ్లు. ఇంత గట్టివాళ్ల మధ్య పడిన జట్టును చేతగానిదని అనటానికి నాకు నోరు రాదు.

కాని చిన్నప్పుడు నాకు ఇంత తెలివి లేదు. బొంబాయి జట్టు 1958-59 నుంచి 1972-73 దాకా వరుసగా 15 సార్లు రంజీ కప్పు గెలుచుకున్నది. బళ్లో మా స్నేహితులందరిదీ బొంబాయి పక్షమే, నాదీ అంతే. ఒకనాడు పెదనాన్న స్కోరు రాసుకుంటూంటే పక్కన చేరి, "ఎప్పుడూ ఓడిపోయే జట్టు నీకెందుకు, పెదనాన్నా? బొంబాయి వైపు ఉండరాదూ?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. నన్ను తోటలోకి తీసుకుపోయి ఒక పెద్ద చెట్టు చూపించాడు. "ఏరా, పోయినేడు దీని కింద కాయలు ఏరలేక నీ నడుము పడిపోయింది, జ్ఞాపకముందా? ఈ ఏడు చూడు, పూతే లేదు. కొట్టేద్దామా?" అన్నాడు.

మామిడిలో ఇది మామూలే. ఒక ఏడు విరగకాస్తే చెట్టు తన తిండంతా కాయలకే పెట్టేస్తుంది. కొత్త చిగుళ్లు తక్కువ వస్తాయి. ముదిరిన రెమ్మలకే గదా పూత వచ్చేది! రెమ్మలు లేక మరుసటి ఏడు కాపు పలచబడుతుంది. ఈ సంగతి నేను ట్రైనింగు అయ్యాక పుస్తకంలో చదువుకున్నాను. ఆ రోజు మాత్రం జవాబు చెప్పలేక మొహం వేలవేశాను. బొంబాయిని మాత్రం వదల్లేదు.

1994 జనవరిలో పెద్ద దెబ్బ తగిలింది. సికిందరాబాదులో హైదరాబాదు జట్టు ఆంధ్ర మీద 6 వికెట్లకు 944 పరుగులు చేసింది! రంజీలో ఒక ఇన్నింగ్సులో ఇంతకన్న ఎక్కువ ఇప్పటికీ ఎవరూ చెయ్యలేదు. ఎమ్. వి. శ్రీధర్ ఒక్కడే 366. వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ 207 నాటౌట్. ఎండలో బంతి వెనక పరిగెత్తిన ఆ మన కుర్రవాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ కాళ్లు లాగుతాయి.

ఆ సాయంత్రం నేను పెదనాన్నను ఓదార్చటానికి వెళ్లాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్క అంకె పోకుండా అంతా ఎక్కిస్తున్నాడు. "అప్పుడు తండ్రి కొట్టాడు, ఇప్పుడు కొడుకు కొట్టాడు," అన్నాడు, వివేక్ పేరు చూపించి. అతను ఆ పాత జయసింహ కొడుకే. తరవాత కింద మరుసటి ఆట తేదీ రాసి పుస్తకం మూసేశాడు. ఆ రోజుతో నేను బొంబాయిని విడిచిపెట్టాను. ఎందుకని అడిగితే ఇప్పటికీ సరిగా చెప్పలేను.

గుంటూరు జిల్లా కుర్రవాడు ఎమ్మెస్కే ప్రసాద్ 1999లో భారత టెస్టు జట్టుకు వికెట్ కీపరైనప్పుడు పెదనాన్న పండగ చేసుకున్నాడు. కప్పు గెలవటం మాత్రం చూడలేదు. ఆయన పోయాక పుస్తకం నా దగ్గరికి వచ్చింది.

ఇలాంటివాళ్లు మనకే ఉన్నారనుకోకండి. అమెరికాలో బేస్‌బాల్ అనే ఆట ఉన్నది. అదీ బంతీ కర్రా ఆటే. చికాగోలో కబ్స్ అనే జట్టు 1908లో కప్పు గెలిచి, మళ్లీ 2016 దాకా గెలవలేదు. 108 ఏళ్లు! ఆ 2016 పోటీల రోజుల్లో జనం వాళ్ల మైదానం గోడల మీద సుద్దముక్కలతో పేర్లు రాశారు. వాటిలో చాలా పేర్లు, ఆ గెలుపు చూడకుండానే కన్నుమూసిన తండ్రులవీ, తాతలవీ.

ఇక 2023 ఆట చెబుతాను. ఇండోరులో మధ్యప్రదేశ్ మీద క్వార్టర్ ఫైనల్. మన కెప్టెను కాకినాడలో పుట్టిన హనుమ విహారి. మొదటి రోజే ఆవేశ్ ఖాన్ విసిరిన బంతి తగిలి ఆయన ఎడమ మణికట్టు విరిగింది. రికీ భుయ్ 149, కరణ్ షిండే 110 కొట్టారు. తొమ్మిదో వికెట్టు పడ్డాక, అందరూ అయిపోయిందనుకుంటూ ఉండగా, విహారి మళ్లీ బ్యాటు పట్టుకుని వచ్చాడు. అదీ ఎడమచేతి వాటంగా!

నా మనవడు ఫోనులో చూస్తూ, "అదేమిటి తాతయ్యా, అటు తిరిగాడు?" అన్నాడు.

మీరూ ఒక కర్ర పట్టుకుని అద్దం ముందు నిలబడి చూడండి. కుడివాటం వాడికి ఎడమ చెయ్యి బౌలరు వైపు ఉంటుంది. అలా నిలిస్తే బంతి మళ్లీ విరిగినచోటే తగలవచ్చు. అటు తిరిగితే బాగున్న కుడిచెయ్యి ముందుకు వస్తుంది, విరిగినది వెనక దాగుతుంది. ఒక్క చేతి బలంతోనే ఆయన ఆడాడు. మొత్తం 27 చేశాడు. మీరు మాత్రం ఎముక విరిగితే తిన్నగా వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

మనది 379, వాళ్లది 228. డ్రా అయినా మొదటి ఇన్నింగ్సు ఆధిక్యం మీద ఆంధ్రయే సెమీఫైనలుకు పోయేది. కాని రెండోసారి మనవాళ్లు 93కే కుప్పకూలారు. అందులోనూ విహారి ఒంటిచేత్తో వచ్చి 15 చేశాడు. మధ్యప్రదేశ్ కావలసిన 245 పరుగులూ 5 వికెట్లు పోగొట్టుకుని కొట్టేసింది.

మరుసటి ఏడు, 2024 ఫిబ్రవరిలో, మళ్లీ అదే ఇండోరు, అదే మధ్యప్రదేశ్, అదే క్వార్టర్ ఫైనల్. ఈసారి వాళ్లను రెండో ఇన్నింగ్సులో 107కే కట్టేశారు. విశాఖ కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి నాలుగు వికెట్లు తీశాడు. మనకు కావలసింది 170. విహారి 55 చేశాడు. 165 దగ్గర అంతా అయిపోయింది. నాలుగు పరుగుల తేడా!

నేను లేచి తోటలోకి పోయాను. అప్పటికి పిందె పడుతున్నది. కాసేపటికి తిరిగి వచ్చేసరికి మా మనవడు పద్దుల పుస్తకం వెనకనుంచి తెరిచి ఏదో రాస్తున్నాడు. అక్షరాలు వంకరగా ఉన్నా అంకెలు సరిగానే ఉన్నాయి. 165 కింద గీత గీసి, "దీని కింద ఏం రాయాలి, తాతయ్యా?" అని అడిగాడు. నేను చెప్పేలోపలే పై పేజీలు తిరగేసి చూసి, 'వచ్చే ఏడు' అని రాశాడు.